గడప దాటని మాట

ఫోను మోగీ మోగగానే ఎత్తకూడదు. అవతలివాళ్ళు అప్పటికింకా గుండె చిక్కబట్టుకుంటూ ఉంటారు. ఠక్కున గొంతు వినబడితే జడుసుకుని పెట్టేస్తారు. అలాగని మరీ మోగనివ్వనూ కూడదు, ఎవరూ లేరనుకుంటారు. ఒక మోత పోనిచ్చి, రెండోది పోనిచ్చి, ఊపిరి తీసుకుని అప్పుడు ఎత్తాలి. రోవెనా థ్వైట్‌కి శిక్షణలో మొట్టమొదట నేర్పింది అదే. తొందరగా పట్టుబడిందీ అదే. నోరు కట్టుకుని ఉండడం మాత్రం అంత తొందరగా రాలేదు.

గ్రిమ్స్‌బీ రేవులో చేపల వేలం వేసే మనిషి కూతురు మరి. వాళ్ళింట్లో భోజనాల దగ్గర ఒక మాట చెప్పాలంటే నలుగురి మాటల మీదుగా అరవాల్సిందే. కాల్డర్విక్ యూనివర్సిటీలో చేరి రెండో ఏడు వచ్చినా ఆ గొంతు తగ్గలేదు. "రోవెనా వచ్చింది, కిటికీలు వెయ్యండర్రా, వీధికి వినబడుతుంది" అనేవాళ్ళు ఇంట్లో కలిసి ఉండే స్నేహితులు. కానీ ఈ గదిలోకొచ్చి ఫోను ఎత్తితే చాలు, ఆమెలో ఇంకో మనిషి లేచి కూర్చునేది. గొంతు కిందికి దిగేది. మాటకీ మాటకీ మధ్య జాగా వచ్చేది. తన గొంతు తనకే కొత్తగా ఉండేది.

గది బట్టలుతికే మిషన్ల పైన ఉంది. అక్కడుందని వాలంటీర్లకి తప్ప ఎవరికీ తెలియదు. రెండు ఫోన్లు, రెండు మడతమంచాలు, ఒక కెటిల్, ఒక టోస్టరు, ఎవరో అక్కర్లేదని వదిలేసిన సోఫా. చీకటి పడ్డాక ఇద్దరు విద్యార్థులు వచ్చి తెల్లవారేదాకా కూర్చుంటారు. చదువుకునే పిల్లలెవరైనా, ఏ సంగతి మీదైనా, 'రాత్రి లైను'కి ఫోను చెయ్యచ్చు. పేరు అడగరు, తమ పేరు చెప్పరు. సలహా ఇవ్వరు, తప్పొప్పులు ఎంచరు, వింటారు. విన్నది గడప దాటదు. తాము ఈ పని చేస్తున్నామన్న సంగతి కూడా గడప దాటకూడదు. పక్క గదిలో పిల్లే ఫోను ఎత్తుతుందని తెలిస్తే ఇంకెవరు చేస్తారు?

ఆ మంగళవారం రాత్రి వాన పడుతోంది. రోవెనాకి తోడు ఫెర్గస్. ఎర్ర గడ్డం కుర్రాడు, స్కాట్లండుకి ఉత్తరాన ఏదో దీవివాడు, రాళ్ళ శాస్త్రం చదువుతున్నాడు. ఫోను రానప్పుడు మేజోళ్ళు అల్లుతాడు. అప్పటికి వచ్చినవి చిన్నాచితకా ఫోన్లే. ఒకతను పిజ్జా కొట్టనుకుని చేశాడు. ఇంకొకతను కోడి మాంసం పాడయిందో లేదో ఎలా తెలుస్తుందని అడిగాడు.

"మీకేమనిపిస్తోందండీ?" అంది రోవెనా, సలహా ఇవ్వకూడదు కాబట్టి.

"వాసనొస్తోంది."

"ఆ వాసన గురించి ఏమనిపిస్తోంది?"

"పారెయ్యాలనిపిస్తోంది," అన్నాడతను. ఎంతో బరువు దిగినట్టు థాంక్స్ చెప్పి పెట్టేశాడు. ఫెర్గస్ మేజోడు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

తర్వాత కాసేపటికి అతని ఫోను మోగింది. ఎత్తి, రెండు మాటలు విని, అల్లిక పక్కన పెట్టేశాడు. వీపు ఇటు తిప్పి ముందుకి వంగి కూర్చున్నాడు. అలా కూర్చున్నాడంటే అవతల ఎవరో ఏడుస్తున్నారన్నమాట. రోవెనా అతనికి టీ పెట్టి పక్కన ఉంచింది. అప్పుడు ఆమె ఫోను మోగింది.

"హలో, రాత్రి లైనండీ."

వాన చప్పుడు. అద్దాల డబ్బా మీద పడుతున్న వాన. ఎవరో వీధిలో ఫోను పెట్టె నుంచి చేస్తున్నారు.

"ఇలాంటిదానికి ఫోను చెయ్యచ్చో లేదో తెలీట్లేదండీ," అంది ఒక అమ్మాయి, గుసగుసగా. "నిజంగా కష్టాల్లో ఉన్నవాళ్ళకి అడ్డం వస్తున్నానేమో."

"లేదండీ, ఎవరికీ అడ్డం లేరు. నెమ్మదిగా చెప్పండి."

"మేం నలుగురం ఒకింట్లో ఉంటాం. వచ్చే ఏడాదికి మళ్ళీ అదే ఇల్లు తీసుకుంటున్నాం. శుక్రవారం సంతకాలు. అయితే... ఒకమ్మాయిని తీసేస్తున్నాం. ఆ గదిలోకి ఇంకొకళ్ళొస్తున్నారు. ఆ అమ్మాయికి ఇంకా తెలీదు. చెప్పాల్సింది నేను."

"ఊఁ."

"నువ్వు మెత్తటిదానివి, నువ్వు చెప్తే నొచ్చుకోదు అన్నారు. సరేనన్నాను. ఎందుకన్నానో తెలీదు. నేను దేనికైనా సరేనంటాను. వారం నుంచి తన తలుపుదాకా వెళ్తున్నా, వెనక్కొస్తున్నా."

"ఆ అమ్మాయి గురించి చెప్తారా?" అని అడిగింది రోవెనా. మామూలుగా అడిగే ప్రశ్నే.

"మంచిదేనండీ. నవ్విస్తుంది. ఒక హంస వెంటపడి కరిచిందని చెప్పినా పొట్ట చెక్కలయ్యేట్టు చెప్తుంది. కానీ ఉండదు. సాయంత్రమయ్యేసరికి కోటు తగిలించుకుని లైబ్రరీకంటుంది. లైబ్రరీ రాత్రంతా తెరిచి ఉంటుందా? తెల్లారి వస్తుంది. ఓట్సు జావ మాడబెట్టుకుని తిని, ఆ గిన్నె సింకులో పడేసి పడుకుంటుంది..."

మాట చివర్లో గొంతు గుసగుసలోంచి జారి పైకి లేచింది. వేల్స్ కొండల వాళ్ళ మాట అలాగే, ప్రతి వాక్యం చివరా చిన్న మెట్టెక్కుతుంది.

కారిస్.

రోవెనాతో ఒకే ఇంట్లో ఉండే పిల్ల. ఆ గిన్నె ఇప్పుడు స్లేటర్ వీధిలో వాళ్ళింటి సింకులోనే ఉంది. పొద్దున తనే నీళ్ళు పోసి నానబెట్టింది. హంస కూడా నిజమే.

ఫోను చేసింది తెలిసిన మనిషని తేలితే చెవి తమ్మె పట్టుకోవాలి. రెండోవాళ్ళు వచ్చి ఫోను తీసుకుంటారు. రోవెనా చెవి పట్టుకుని ఫెర్గస్ వైపు తిరిగింది. చెవి ఊడి వస్తుందేమోనన్నట్టు లాగింది. అతను చూశాడు. తన ఫోను అరచేత్తో మూసి, తల అడ్డంగా ఊపాడు. వల్ల కాదు. మళ్ళీ వీపు తిప్పేశాడు.

"ఉన్నారా?" అంది కారిస్.

పెట్టెయ్యచ్చు. లైను తెగిపోయినట్టు వేలితో ఒక నొక్కు నొక్కితే చాలు. వానలో నించుని, వారం రోజులు ధైర్యం కూడగట్టుకుని చేసిన పిల్ల చెవిలో బుర్రున మోత.

"ఉన్నానండీ," అంది రోవెనా.

"తనంటే కోపమని కాదు. కానీ అక్టోబరులో మా అమ్మమ్మ పోయింది. నన్ను పెంచింది తనే. గొర్రెల దొడ్లో పడిపోయిందట. అంత్యక్రియలకి వెళ్ళి తిరిగొచ్చాను. బస్సు దిగి ఇంటికొచ్చేసరికి తను వంటింట్లో ఉంది. చూడగానే 'వచ్చావా, విను విను' అని ఆ హంస కథ మొదలుపెట్టింది. నేను కోటు కూడా విప్పలేదు. నవ్వానండీ, నిజంగానే నవ్వాను. కథ అయిపోయాక తను కోటేసుకుని వెళ్ళిపోయింది. ఎక్కడికెళ్ళావని అడగలేదు. నల్ల బట్టలు వేసుకునున్నాను. అడగలేదు."

రోవెనా కళ్ళు మూసుకుంది. ఆ సాయంత్రం గుర్తుంది. ఆలస్యమైపోతోందని పరిగెత్తింది. ఇక్కడికే. ఆ రాత్రి ఎవరో కుర్రాడు వాళ్ళ కుక్క చచ్చిపోయిందని చేస్తే, తెల్లవారుతుండగా అతను ఆవులించేదాకా విన్నది. బాగా విన్నానని తనని తాను మెచ్చుకుంటూ ఇంటికి నడిచింది.

"ఆ రాత్రి మీకెలా గడిచింది?" అని అడిగింది.

అడిగాక ఇక తన సంగతి తట్టలేదు. కారిస్ చెప్పింది. అమ్మమ్మ టీలో వేలు ముంచి వేడి చూసేదని, తలుపు గొళ్ళెం తియ్యడం గొర్రెలకి తెలిసిపోయిందని దాన్ని ముళ్ళతీగతో కట్టేదని, ఆవిడ కోటు జేబులో ఇంకా పిప్పరమెంటు బిళ్ళలున్నాయని, ఆ కోటు ఇప్పుడు తను వేసుకుందని. వాన తగ్గింది, మళ్ళీ పెరిగింది. ఎక్కడో ఒకచోట కారిస్ గుసగుస మానేసి మామూలుగా మాట్లాడసాగింది. తనకే తెలియలేదు.

"అయ్యో, మీ టైమంతా తినేశాను," అంది చివరికి. "ఇంటి సంగతి ఏం చెయ్యాలో మాత్రం ఇంకా తెలీదు."

"ఏం చెయ్యాలని ఉంది?"

చాలాసేపు వాన.

"తనకి నా నోటితో నిజం చెప్పాలనుంది. తీసేస్తున్నామని కాదు. మాతో ఉండట్లేదని బాధగా ఉందని." ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "థాంక్సండీ. మీరెవరోగానీ."

ఫోను పెట్టాక రోవెనా దాన్ని కాసేపు అలాగే చేత్తో అదిమిపట్టి ఉంచింది, మళ్ళీ లేచి మాట్లాడుతుందేమోనన్నట్టు. ఫెర్గస్ తన ఫోను ముగించి వచ్చేసరికి కోపమొచ్చేసింది.

"నన్ను ఇంట్లోంచి తీసేస్తున్నారు, తెలుసా! అంతా కలిసి అనుకున్నారు! నేను రాత్రిళ్ళు ఎక్కడికెళ్తున్నానో చెప్పలేనని వాళ్ళకేం తెలుసు? ఒక్క ముక్క చెప్తే అయిపోతుంది, ఒక్క ముక్క!"

గదిలో విన్నది గదిలో తోటి వాలంటీరుతో చెప్పుకోవచ్చు. అతను అంతా విన్నాడు.

"వాళ్ళమ్మమ్మ పోయిందని నాకెవరూ చెప్పలేదు," అంది ఆమె, ఈసారి గొంతు తగ్గించి.

"నువ్వు అడిగావా?"

"అది సలహానా?"

"ప్రశ్న," అన్నాడు ఫెర్గస్. "నన్నడిగితే—"

"సలహా ఇవ్వకూడదు నువ్వు."

"టోస్టు కాల్చనా అనబోయాను."

రోవెనాకి నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. "కాల్చు. నువ్వు ఆ ఫోను తీసుకోవాల్సింది, ఫెర్గస్."

"తీసుకోవాల్సిందే. కుదర్లేదు." అతను రొట్టెకి వెన్న రాస్తూ అన్నాడు. "విన్నావు కదా, ఇప్పుడిక అది నీది కాదు. నీ గురించే అయినా నీది కాదు. రేపు ఇంటికెళ్ళి దాంతో ఏమీ చెయ్యలేవు."

తెల్లవారి ఇంటికి చేరేసరికి వంటింట్లో దీపం వెలుగుతోంది. సింకులో గిన్నె అలాగే ఉంది. నీళ్ళు పోసినా జావ పెచ్చు ఊడకుండా అట్టకట్టే ఉంది. రోవెనా చొక్కా చేతులు పైకి మడుచుకుని పీచు అందుకుంది. తోమడానికి వంగి ఆగిపోయింది.

ఇన్నాళ్ళూ తోమలేదు. ఇవాళే ఎందుకు తోముతోంది? రాత్రి విన్నది కాబట్టి. విన్నదాన్ని వాడుకోకూడదు. గిన్నె తోమితే వాడుకున్నట్టా? కారిస్ వచ్చి మెరుస్తున్న గిన్నె చూసి, ఇదేమిటి, నిన్న ఫోనులో చెప్పాను, ఇవాళ గిన్నె తోమి ఉంది అనుకుంటే? పీచు పట్టుకుని అలా నించుంది. ఇరవై ఏళ్ళు వచ్చాయి, అంట్లు తోమడం ఇంత ధర్మసందేహం అవుతుందని ఎవరూ చెప్పలేదు. చివరికి పీచు అక్కడ పెట్టేసి, మాడు గిన్నెకి క్షమాపణ చెప్పుకున్నట్టు ఒకసారి చూసి, వెళ్ళి పడుకుంది.

మధ్యాహ్నం ఇమోజెన్ కేకతో లేచింది. ఆ ఇంటికి పెద్ద దిక్కు ఇమోజెన్. కరెంటు బిల్లు, చెత్త బండి వచ్చే రోజు, ఎవరి స్నానం ఎప్పుడు, అన్నీ ఆమె చేతిలోనే ఉంటాయి.

"రోవెనా! ఈ గిన్నెలో ఏమైనా పెంచుతున్నావా? జీవశాస్త్రం వాళ్ళకి అమ్ముదామా?"

"వస్తున్నా, వస్తున్నా!" రోవెనా మెట్లు రెండేసి దిగివచ్చింది. ప్రాణం లేచొచ్చింది. ఇమోజెన్ చెప్పింది కదా! ఇప్పుడు తోమచ్చు. చేతులకి నురగ అంటుకునేదాకా, అడుగు తళతళలాడేదాకా తోమింది. పక్కనున్న పెనమూ, టోబీ కాఫీ కప్పులూ కూడా తోమేసింది. టోబీ నాలుగోవాడు, మధ్యాహ్నం దాకా లేవడు, లేచినా ఎవరికీ అడ్డం రాడు.

ఇమోజెన్ గుమ్మానికి ఆనుకుని చూసింది. "ఏంటివాళ? ఆ అబ్బాయితో పోట్లాట అయ్యిందా?"

"ఏ అబ్బాయి?"

"రాత్రిళ్ళు లైబ్రరీలో ఉండే అబ్బాయి. రోజుకో పుస్తకం చదివి వినిపిస్తున్నాడా ఏంటి?"

ఇదివరకైతే రోవెనా వెంటనే ఒక కథ అల్లి నవ్వించేది. ఆ కథలవల్లే వాళ్ళింతకాలం గట్టిగా అడగలేదు. ఈసారి నవ్వి ఊరుకుంది. ఇమోజెన్ ఇంకేదో అనబోయి, ఆ తోమిన పెనం అందుకుని గుడ్డతో తుడిచి తగిలించింది. ఇద్దరూ మాట్లాడకుండా ఆ పని పూర్తి చేశారు. ఇమోజెన్ చేతులు గరుకుగా ఉన్నాయి. చలికాలమంతా ఇంటెడు అంట్లూ ఆ చేతులే తోముతున్నాయని రోవెనాకి అప్పుడు తట్టింది.

బుధవారమంతా కారిస్ రోవెనాకి ఎదురుపడకుండా తిరిగింది. ఎదురుపడితే ఏదో ఒకటి చేతిలో పెట్టింది. ఒకసారి ఎండుద్రాక్ష వేసి పెనం మీద కాల్చిన తియ్యటి రొట్టెలు, ఒకసారి సగం కాలిన కొవ్వొత్తి. రాత్రి తలుపు తట్టింది. రోవెనా మంచం మీద లేచి కూర్చుంది.

"రోవీ... స్టేప్లరుందా?"

"ఉంది."

తీసుకుంది. అక్కడే నించుంది. మెడదాకా ఎర్రబడింది.

"పిన్నులు కూడా కావాలా?"

"వద్దు. థాంక్స్. పడుకో." తలుపు మెల్లగా వేసుకుని వెళ్ళిపోయింది. ఆమె గదిలోంచి స్టేప్లరు చప్పుడు ఒక్కటీ రాలేదు.

రోవెనాకి ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. కోపంతో కాదు. ఆ పిల్ల పడుతున్న యాతన చూడలేక. "నువ్వు చెప్పబోయేది నాకు తెలుసులే, వదిలెయ్" అని అనేస్తే అయిపోతుంది. అనకూడదు. చెవిటిదానిలా ఉండాలి. చెవిటిదానిలా ఉండడం వినడంకంటే కష్టమని ఆ రాత్రి తెలిసొచ్చింది.

గురువారం సాయంత్రం ఇమోజెన్ హాకీకి వెళ్ళింది. టోబీ గదిలో పాటలు వింటున్నాడు. ఆ వేళ రోవెనాకి లైను వంతు లేదు. వంతు లేని రోజుల్లో కూడా తను ఇంట్లో ఉండేది కాదు. సినిమాకో, ఫెర్గస్ వాళ్ళింటికో పోయేది. వెళ్ళిన చోటు చెప్పకూడదని మొదలైంది, చివరికి ఏ చోటూ చెప్పకపోవడం అలవాటైపోయింది. ఆ సాయంత్రం ఎక్కడికీ పోలేదు. వంటింట్లో బంగాళదుంపలు చెక్కు తీస్తూ కూర్చుంది.

కారిస్ వచ్చింది. అమ్మమ్మ కోటు వేసుకునుంది, ఇంట్లోనే. బల్లకి అవతలి పక్కన కూర్చుని ఒక దుంప అందుకుంది. ఇంకో చాకు లేదు. దుంప చేతిలో తిప్పుతూ కూర్చుంది.

"రోవీ, నీకొకటి చెప్పాలి. మధ్యలో మాట్లాడకు. మాట్లాడితే నేను చెప్పలేను."

"మాట్లాడను."

"రేపు సంతకాలు. నీ పేరు లేదు. ఇమోజెన్‌తో హాకీ ఆడే అమ్మాయొకతి వస్తోంది. నేను సరేనన్నాను. టోబీ కూడా. అదీ సంగతి."

దుంప చెక్కు మెలికలు తిరుగుతూ బల్ల మీద పడింది. రోవెనా చాకు కింద పెట్టింది. రెండు రోజులుగా ఈ మాటకి ఎన్నో జవాబులు తయారుచేసుకుంది. కొన్ని పదునైనవి, కొన్ని నవ్వించేవి, ఒకటి రెండు ఏడిపించేవి కూడా. అయినా ఆ మాట కారిస్ నోటి నుంచి ఎదురుగా వినబడేసరికి ఛాతీలో కొత్తగా గుచ్చుకుంది. తెలిసి ఉండడం దేనికీ పనికిరాలేదు.

"ఎందుకో చెప్పనా?" అంది కారిస్.

"చెప్పు."

"నువ్వు ఇంట్లో లేవు. ఈ ఏడాదంతా లేవు. ఎక్కడికెళ్తావో మాకు తెలీదు. మాకంటే మంచివాళ్ళెవరో దొరికారు, మాకు చెప్పడానికి నామోషీ అనుకున్నాం. అదే కదా? అదైతే చెప్పెయ్. అప్పుడు నాకింత బాధ ఉండదు."

ఒక్క ముక్క. నామోషీ కాదు కారిస్, నేను చేసే పని ఇదీ. ఆ ముక్క నాలిక చివరిదాకా వచ్చింది. చెప్తే పేరు తిరిగి ఆ కాగితం మీదికెక్కుతుంది, సందేహం లేదు. దానితోపాటు మంగళవారం రాత్రి వానలో ఎవరు విన్నారో ఈ పిల్లకి తెలిసిపోతుంది. మళ్ళీ ఎన్నడూ ఆ ఫోను పెట్టె తలుపు తీయదు. ఈ కారిసే కాదు, కారిస్ చెప్పిన ఇంకెవరూ తియ్యరు.

"మీకంటే మంచివాళ్ళు దొరకలేదు," అంది రోవెనా. "చెప్పలేను. నామోషీ మాత్రం కాదు. నువ్వు కోప్పడింది న్యాయమే. నేను లేను."

ఇంకొకటి అడగాలనుంది. అడిగే హక్కు వెదికింది. అమ్మమ్మ సంగతి తనకి తెలియదు. తెలిసినట్టు ఒక్క మాట రాకూడదు. తెలియని మనిషి, ఇన్నాళ్ళుగా అడగాల్సిన మనిషి, ఏమడుగుతుంది?

"నువ్వెలా ఉన్నావ్, కారిస్?"

కారిస్ నవ్వబోయింది. నవ్వు మధ్యలో ఆగిపోయింది. దుంప బల్ల మీద పెట్టింది. అమ్మమ్మ పోయిందని చెప్పింది. గొర్రెల దొడ్డి, ముళ్ళతీగ, పిప్పరమెంటు బిళ్ళలు. రోవెనా మొదటిసారి వింటున్నట్టు నటించాల్సి వస్తుందేమోనని భయపడింది. నటించాల్సిన పని పడలేదు. ఎదురుగా మొహం ఉంది, కోటు చేతుల అంచుల్లో గొర్రె ఉన్ని ఇంకా అంటుకుని ఉంది, ఆ గొంతు ఫోనులో వచ్చినట్టు కాకుండా వెచ్చగా, తడిగా వస్తోంది. ఇది వేరే వినడం.

"ఆ రాత్రి నీకెలా గడిచింది?" అంది.

అన్నాక తనకే వినబడింది. గొంతు కిందికి దిగిపోయింది, మాటల మధ్య జాగా వచ్చేసింది. ఆ ప్రశ్న, ఆ మాటలే.

కారిస్ తలెత్తింది. రోవెనా వైపు చూసింది, చూస్తూనే ఉంది. మెడ మీది ఎరుపు మెల్లగా బుగ్గల్లోకి, చెవుల్లోకి ఎక్కింది. టోబీ గదిలో పాట అయిపోయింది. రోవెనా చాకు తీసుకుని, చెక్కు తీసేసిన దుంపనే మళ్ళీ చెక్కసాగింది.

కారిస్ లేచి కెటిల్ నింపి పొయ్యి మీద పెట్టింది. వీపు ఇటు తిప్పే ఉంది.

"మొన్న రాత్రి మాత్రం బాగా నిద్ర పట్టింది," అంది కెటిల్‌తో చెప్తున్నట్టు. "ఎన్నాళ్ళకో."

"మొన్నా?"

"మొన్నో, ఎప్పుడో." గిరుక్కున తిరిగి కప్పులు తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని మొహం తేటగా ఉంది. "ఆ దుంపని చంపేస్తున్నావ్, రోవీ. వదిలెయ్ దాన్ని."

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఇమోజెన్ హాకీ నుంచి తిరిగొచ్చేసరికి బల్ల మీద ఆమెకి కూడా పళ్ళెం పెట్టి ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం రోవెనా క్లాసు నుంచి వచ్చేసరికి మేడ మీద రభస జరుగుతోంది. ఇమోజెన్ గొంతు కింది వీధిదాకా వస్తోంది. ఎప్పుడూ రోవెనా గొంతు వచ్చే దూరం.

"ఇప్పుడా చెప్పేది? పెన్ను చేతిలోకి తీసుకున్నాకా? ఇప్పుడు నేను నీ గదికి కూడా ఇంకొకళ్ళని వెతకాలా?"

"వెతకాలి," అంది కారిస్. గొంతు వణుకుతోంది, కానీ చివర్లో మెట్టెక్కలేదు. "నేను సరే అనకూడనిదానికి సరే అన్నాను ఇమో. దానికి సారీ. దీనికి మాత్రం కాదు."

"ఆ మనిషి రాత్రిళ్ళు ఎక్కడుంటుందో కూడా నీకు తెలీదే!"

"అవును," అంది కారిస్. "తెలీదు."

రోవెనా మెట్ల మధ్యలో ఆగిపోయింది. ఆ సాయంత్రం ఇమోజెన్ వచ్చి ఆమె గుమ్మంలో చేతులు కట్టుకుని నించుంది. "నాకు నీమీద పగేం లేదు," అంది. "ఇల్లు నడవాలి కదా. నడిపేది ఎవరో ఒకరుండాలి కదా."

"నువ్వే నడిపావు," అంది రోవెనా. "నేను ఒక్కసారీ థాంక్స్ చెప్పలేదు. చెప్తున్నా."

ఇమోజెన్ బిత్తరపోయింది. పోట్లాటకి వచ్చిన మనిషి చేతిలో పూలగుత్తి పెట్టినట్టయింది. "ఆ అబ్బాయి ఎవరోగానీ," అని గొణిగింది వెళ్ళిపోతూ, "నిన్ను బాగానే మార్చాడు."

శనివారం రోవెనా, కారిస్ ఇద్దరూ ఇళ్ళు చూడ్డానికి బయల్దేరారు. వాన వెలిసి కొండ మీద ఎండ కాస్తోంది. మొదటి ఇంట్లో బూజు, రెండో ఇంట్లో అంతకంటే బూజు. మూడోది కొండ దిగువన చేపల వేపుడు కొట్టు మీద రెండు గదులు. కొట్టతను ఆగ్డెన్ పెద్దాయన, బొజ్జకి తెల్ల గుడ్డ కట్టుకుని, మెట్లెక్కుతూ ఆయాసపడుతూ తీసుకెళ్ళాడు. గోడలు శుభ్రంగా ఉన్నాయి. కిటికీలోంచి కాలవ కనబడుతోంది. గదంతా చేప వాసన.

"ఈ వాసనకి కొంతమంది పారిపోతారమ్మా, ముందే చెప్తున్నా," అన్నాడాయన.

రోవెనా గుండెల నిండా పీల్చింది. "మా ఇంటి వాసన," అంది.

ఆయనకి ఆ మాట నచ్చింది. కుళాయి తిప్పి చూపించాడు, కిటికీ గడి ఎలా వెయ్యాలో చూపించాడు. తలుపు దగ్గర ఆగి గొంతు తగ్గించాడు. "నాకు ఒక్కటే పట్టింపు. మా ఆవిడకి నిద్ర పల్చన. మెట్ల మీద పిల్లి నడిచినా లేచి కూర్చుంటుంది. రాత్రిళ్ళు బయట తిరిగే అలవాటు మీలో ఎవరికీ లేదు కదా?"

రోవెనా నోరు తెరిచింది. అబద్ధమేదీ అందలేదు. లైబ్రరీ అనే మాట ఇక ఆమె నోట రాదు. ఇల్లు పోయినట్టేననుకుంది; మొన్నటి ఇల్లు పోయినప్పటికంటే ఎక్కువ బాధేసింది.

"ఈ అమ్మాయికి వారంలో ఒకటి రెండు రాత్రులు పనుంటుందండీ," అంది కారిస్. "పొద్దున్నే వస్తుంది. బూట్లు చేత్తో పట్టుకుని మెట్లెక్కుతుంది. నాది పూచీ."

"రాత్రిపూట ఏం పనమ్మా, చదువుకునే పిల్లకి?"

కారిస్ రోవెనా వైపు చూడలేదు. ఆయన కళ్ళలోకే సూటిగా చూసింది. "నాకు తెలీదండీ. తను చెప్పదు, నేనడగను. మంచి పనేనని మాత్రం నేను చెప్పగలను."

ఆగ్డెన్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. చేతులు బొజ్జ మీది గుడ్డకి తుడుచుకున్నాడు.

"యుద్ధంలో ఏం చేశావని అడిగితే మా అన్న కూడా ఇదే చెప్పేవాడు," అన్నాడు. "పోయేదాకా చెప్పలేదు. సరే, రండి కిందికి. ఇప్పుడే హాడక్ చేప పడేశాను నూనెలో. తిని చెప్పండి ఉంటారో లేదో."

ఆయన వెనక కారిస్ దిగింది. రోవెనా అందరికంటే వెనకపడింది. గట్టిగా ఏదైనా అనాలనిపించింది, నలుగురూ పగలబడి నవ్వేది ఏదైనా. నోటికేమీ రాలేదు. రాకపోవడం ఎంతో హాయిగా ఉంది. గది తలుపు దగ్గరగా వేసి, చప్పుడు కాకుండా మెట్లు దిగింది.